ముందు పొడవాలి

అక్క చేతిలో సుత్తి ఉందంటే యార్డులో కుక్కలు కూడా దారి మార్చుకునేవి. ఊరికే అనడం లేదు. ఒకసారి తాగి వచ్చిన లారీ డ్రైవరొకడు "ఆడదానివి, నీకెందుకీ ఇనుము గోల" అన్నందుకు వాడి లారీ హెడ్‌లైట్లు రెండూ వాడి కళ్ళముందే పగలగొట్టి, "ఇప్పుడు తడుముకుంటూ పో" అంది. తండ్రి పోయాక ఆ పాత ఇనుము యార్డు ఆమెకు వచ్చింది, ఆయన ముక్కోపమూ ఆమెకే వచ్చింది. "ఆయనది పాలపొంగు లాంటి కోపం. ఈ తల్లిది పొంగడమే గానీ దిగడం లేదు" అనేవాడు కాటా దగ్గర కూర్చునే తూకం తాత. అదీ ఆమె చెవిన పడనంత దూరంలో.

తలనెరిసిన పనివాళ్ళు కూడా ఆమెను అక్కా అనే పిలిచేవారు. నిజంగా ఆ పిలుపుకు హక్కున్నవాళ్ళు మాత్రం ఇద్దరే. ఒకడు సొంత తమ్ముడు చిట్టి. రెండోవాడు చిన్నాన్న కొడుకు. గ్యాస్ కట్టరు పట్టి ఇనుము కోసేవాడు కాబట్టి వాణ్ణి అందరూ టార్చి అనేవారు.

యార్డులో ఒకే ఒక్క కట్టుబాటు ఉండేది. లోపలికి ఏది వచ్చినా సరే, కారైనా, డ్రమ్మైనా, పాడైన బాయిలరైనా, ముందు దాని అడుగున పొడవాలి. లోపలున్న నూనో నీళ్ళో మొత్తం కారిపోవాలి. ఆ తర్వాతే పగలగొట్టాలి, కోయాలి. తండ్రి పోయింది ఖాళీ చెయ్యని ట్యాంకు పేలడం వల్లే. ఆయన్ని ఆ రోజు యార్డంతా తిరిగి ఏరుకోవలసి వచ్చింది. అప్పటినుంచీ గేటు పక్కన మేకుకు ఒక పొడుగాటి ఇనుపచువ్వ వేలాడుతూ ఉంటుంది. నిప్పురవ్వ లేవకుండా దాని మొనకు ఇత్తడి తొడుగు. పనివాళ్ళు దాన్ని సూది అనేవారు. గేటు దాటిన ప్రతివాడి చెయ్యీ ముందు సూది మీదికే పోయేది. పోకపోతే వీపు మోగేది. టార్చి అయితే నిక్కర్లు వేసుకునే వయసునుంచీ ఆ దెబ్బలు తిని నేర్చుకున్నవాడు.

అంత నేర్చుకున్నవాడూ ఒక రోజు మరిచిపోయాడు. పక్కన చిట్టి నిలబడి ఉండగా, పొడవని డ్రమ్ముకు మంట పెట్టాడు. భగ్గుమని లేచిన మంటకు చిట్టి కనుబొమలు కాలాయి, అంతకుమించి ఎవరికీ ఏమీ కాలేదు. దేవుడు చల్లగా చూశాడని ఊరుకోవలసింది. అక్క ఊరుకునే మనిషా? కంటికి ఏమీ ఆనలేదామెకు. పొడుగు పిడి సుత్తి ఎత్తి, కట్టరు పట్టుకున్న టార్చి చేతి మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు యార్డు అవతలికి వినిపించింది. వాడు మోకాళ్ళమీద కూలబడ్డాడు. మళ్ళీ ఎత్తింది.

"అక్కా, సుత్తి కింద పెట్టు" అని అరిచాడు చిట్టి. అరుస్తూ మధ్యలోకి వచ్చాడు.

సుత్తి ఆగలేదు. దాని పిడి వచ్చి చిట్టి గొంతుకు తగిలింది.

వాడి సొంత గొంతు పలికిన చివరి మాట అదే. డాక్టర్లు చచ్చీ చెడీ ప్రాణం నిలబెట్టారు. ఊపిరి కోసం మెడలో గొట్టం పెట్టారు. స్వరపేటిక నలిగి ముద్దయింది, ఇక మాట రాదన్నారు. ఆసుపత్రి వరండాలో అక్క కనిపించినవాళ్ళందరికీ ఒకటే చెప్పింది. మంట చప్పుడులో వాడి అరుపు నాకు వినపడలేదు, వినపడి ఉంటే ఆగేదాన్ని. చిట్టికీ అదే చెప్పింది, వాడి చెయ్యి పట్టుకుని. చిట్టి ఒక రేకుముక్క మీద సుద్దతో "సరే" అని రాసి, చేత్తో తుడిచేశాడు. ఇనుము మీద కోతగీతలు గీసే సుద్దే అప్పటినుంచీ వాడి నోరైంది.

వాడు ఆమెను ఒక్క మాటైనా అనలేదు. అదే ఆమెకు కడుపులో కత్తిలా ఉండేది. రోజూ "టీ తాగావా", "లారీ వచ్చింది", "తాతకు జ్వరం" అనే రాసేవాడు. ఒకసారి ఆమె ఉండబట్టలేక రేకుముక్క లాగి విసిరికొట్టింది. "నన్ను తిట్టరా. నా మొహాన ఉమ్మెయ్యి. ఏదో ఒకటి రాయరా."

చిట్టి వెళ్ళి రేకుముక్క తెచ్చుకున్నాడు. "రాస్తే తిట్టినట్టుండదు" అని రాశాడు.

ఆ మాట పట్టుకుంది ఆమె. వాడికి గొంతు కావాలి. తనను తిట్టడానికైనా కావాలి.

దారి చిట్టే చూపించాడు. గొంతు పాడు కాకముందు వాడికి దాన్ని రికార్డు చేసుకోవడం ఒక పిచ్చి. లారీలు వెనక్కి వచ్చేటప్పుడు అరిచి అరిచి విసుగెత్తి, "రానీ, రానీ, రానీ, ఆపు" అని రికార్డు చేసి యార్డు లౌడ్‌స్పీకరులో వేసేవాడు. అక్క తిట్లు అనుకరించి పనివాళ్ళను నవ్వించేవాడు. ఫోను ఆ రోజు కాళ్ళకింద నలిగిపోయినా, ఆ ముక్కలు పాత కంప్యూటరులో మిగిలాయి. ఇంకెక్కడా లేవు. ఆ ముక్కలు విని, కంప్యూటరు మనిషి గొంతు నేర్చుకుంటుందట. నేర్చుకున్నాక ఏది టైపు చేస్తే అది ఆ గొంతుతోనే చదువుతుందట.

వచ్చిన చిక్కల్లా వేడితో. కంప్యూటరూ తుక్కులో దొరికిన ముక్కలతో కట్టిందే. నేర్చుకోవడం మొదలుపెట్టిన కాసేపటికే లోపలి ప్రాసెసరు పెనంలా కాగేది. ఫ్యాను రొప్పేది. ఠప్పున ఆరిపోయేది. మళ్ళీ మొదటికొచ్చేది.

"ఇంజను వేడెక్కితే ఏం చేస్తాం? నీళ్ళు పోస్తాం" అంది అక్క.

"నీళ్ళు పోస్తే చస్తుంది" అని రాశాడు చిట్టి.

"మీద పొయ్యమన్నానా మొద్దూ. పక్కనుంచి తిప్పుదాం. రేడియేటర్లు మన దగ్గర కుప్పలు."

కాటా వెనక రేకుల గదిలో పని మొదలైంది. పాత కరెంటు ప్యానెల్లోంచి రాగి దిమ్మ ఒకటి కోశారు. దాని కడుపులో వంకరటింకర కాలువ తొలిచి, పైన రాగిరేకు పెట్టి సీసంతో అతికారు. దిమ్మ అడుగు ప్రాసెసరుకు ఎక్కడా సందు లేకుండా ఆనాలి. గాజుపలక మీద ఎమరీ కాగితం పరిచి, మొహం కనిపించేదాకా రుద్దాలి. ఇంజను దిమ్మలు ముక్కలు చేసే అక్కకు మెత్తగా రుద్దడం చేతకాలేదు. మొదటిది అదిమి అదిమి ఒకవైపు అరగదీసి, ఒళ్ళుమండి గోడకేసి కొట్టింది. రెండోది బాగా కుదిరింది, కానీ బిగించేటప్పుడు స్క్రూలు బలంకొద్దీ తిప్పేసరికి కింద బోర్డు టక్కున చిట్లింది.

"నీ చేతికి విరగ్గొట్టడమే వచ్చు" అని రాశాడు చిట్టి. రాసినవాడు వెంటనే తుడిచాడు. ఆమె చదవనే చదివింది.

బయటికి వెళ్ళి, తుక్కు బస్సులో సీటు లేని చోట కూర్చుంది. కుళ్ళి కుళ్ళి ఏడ్చింది. మొహం కడుక్కుని వచ్చి వేరే బోర్డు వెతికి పెట్టి, "ఎంత బిగించాలో నా వేళ్ళు పట్టుకుని చూపించు" అంది. చిట్టి ఆమె వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి, స్క్రూడ్రైవరును కొంచెం తిప్పి, ఆపాడు. ఇంతేనా అన్నట్టు చూసింది. ఇంతే అన్నట్టు తలూపాడు.

కారు డాష్‌బోర్డు వెనక ఉండే చిన్న హీటరు రేడియేటరు ఒకటి తీసి, ఇటుకల మీద నిలబెట్టారు. చేపల తొట్టెకు వాడే పంపు, వెడల్పు మూతి గాజుసీసా, లోపల నీరు కనిపించే పైపులు, ఎదురుగా టేబుల్ ఫ్యాను. పంక్చరు చూసినట్టే రేడియేటరును తొట్టెలో ముంచి, గాలి ఊది, బుడగలు వచ్చిన చోటల్లా అతికారు. సీసాలో బ్యాటరీ నీళ్ళు పోసి పంపు పెడితే, నీళ్ళు దిమ్మలోకి వెళ్ళి వేడి మోసుకుని వచ్చి, రేడియేటరులో చల్లబడి మళ్ళీ వెళ్ళేవి. అక్క రాగి దిమ్మ మీద వేలు పెట్టి చూసి, చంటిపిల్లకు జ్వరం తగ్గినంత సంబరపడింది.

అది యార్డుకు సెలవు రోజు. పనివాళ్ళు లేరు, తాత లేడు. పొద్దుటినుంచీ కంప్యూటరు ఆరిపోకుండా నడుస్తోంది. తెరమీద, అది నేర్చుకున్నకొద్దీ పెరిగే పచ్చగీత చివరిదాకా వచ్చేసింది. మాట వస్తే వినడానికి వేరే స్పీకరు లేక, చిట్టి యార్డు లౌడ్‌స్పీకరు తీగనే దానికి కలిపాడు. ఇద్దరూ గుడ్లప్పగించి ఆ గీతనే చూస్తున్నారు.

గుమ్మంలో నీడ పడింది. టార్చి. చేతిలో గేటు దగ్గరి సూది.

"బాగున్నావా అక్కా" అన్నాడు. "చిట్టిగాడికి గొంతు చేస్తున్నావంట. తాత చెప్పాడు. మరి దీన్నెవరు చేస్తారు?"

కుడిచెయ్యి చూపించాడు. మణికట్టు దగ్గర ఎముక పక్కకు అతుక్కుంది. వేళ్ళు సగం ముడుచుకునే ఉన్నాయి. కట్టరు పట్టలేని చెయ్యి. ఎదురు యార్డులో చువ్వలు మోసి బతుకుతున్నాడు వాడు. వాడి మాటలో అబద్ధం లేదు, అది అక్కకూ తెలుసు. కానీ తప్పైపోయిందన్న మాట ఆమె పుట్టిన దగ్గర్నుంచీ ఎవరితోనూ అనలేదు.

"నా మీద కోపమైతే నన్ను కొట్టు. ఆ పెట్టె జోలికి రాకు" అంది.

"దాని జోలికే వచ్చా. నీకు దెబ్బలు నొప్పెట్టవు. నీకేది నొప్పెడుతుందో నాకు తెలుసు."

కొట్టనే కొట్టాడు. ఎడమచేత్తో సూది ఎత్తి, బలమంతా పెట్టి ఒక్క పోటు పొడిచాడు. తీరా చూస్తే సూది దిగింది పెట్టెలో కాదు. ఇటుకల మీద ఉన్న రేడియేటరు అడుగున. చిన్నప్పటినుంచీ వీపు మోగించి నేర్పిన పని. ముందు పొడవాలి, కారిపోవాలి, తర్వాతే పగలగొట్టాలి. ఎదుట ఉన్నది కంప్యూటరని కళ్ళు చూశాయి గానీ చేతికి తెలియలేదు. నీళ్ళు చిమ్మాయి. తన చెయ్యి చేసిన పనికి టార్చే ఒక్క క్షణం బిత్తరపోయి నిలబడ్డాడు.

ఆ క్షణం చాలింది. అక్క నేలమీద పడి, ఆ కంతకు బొటనవేలు అడ్డం పెట్టింది. రెండో చేత్తో బ్యాటరీ నీళ్ళ డబ్బా అందుకుని సీసాలో పోసింది. చిట్టి లేచి పెట్టెను రెండు చేతులతో కావలించుకున్నాడు. ఇప్పుడు పెట్టెను కొట్టాలంటే చిట్టిని కొట్టాలి. టార్చికి చిట్టి మీద పగ లేదు. పగంతా కింద వంగి ఉన్న ఆ వీపు మీదే.

మొదటి దెబ్బ వీపుకు అడ్డంగా పడింది. ఆమె నోట్లోంచి గాలి తప్ప మాట రాలేదు. రెండోది చెవి మీద పడి చెవి చిరిగింది. నెత్తురు మెడ మీదుగా జాకెట్టులోకి పాకింది. సుత్తి చేతికందేంత దూరంలోనే గోడకు ఆనించి ఉంది. ఒక్కసారి లేస్తే చాలు, వీణ్ణి నుజ్జు చెయ్యగలదు. లేస్తే వేలు తియ్యాలి. పళ్ళు బిగించి సీసా వైపే చూస్తూ కూర్చుంది. పక్కటెముకల్లో తన్నాడు. ఏదో పుటుక్కుమంది.

"లేవవేం? కొట్టవేం?" అన్నాడు టార్చి. "ఆ రోజు కొట్టావుగా. లే."

ఆమె నీళ్ళు పోసింది.

"పోనీ తప్పైందని చెప్పు. ఒక్క మాట. వెళ్ళిపోతా."

ఎంత మొండిదో చూడండి. ఒక్క మాటతో పోయే గండాన్ని, నోరు పెగలక నెత్తిమీద పెట్టుకుంది. వాడు సూది తిరగేసి, కంతను మూసిన చేతి మీదే కొట్టాడు. రెండు వేళ్ళు విరిగి వెనక్కి వాలాయి. అప్పుడు అరిచింది, గొడ్డు అరిచినట్టు. డబ్బా పడేసి, విరిగిన చెయ్యి లాగేసి, రెండో చేతి బొటనవేలు కంతలో పెట్టింది. కొట్టేవాడు ఏడుస్తున్నాడు. దెబ్బలు తినే మనిషి ఏడవడం లేదు. దాంతో వాడికి మరింత పిచ్చెక్కింది. సూది గిరాటేసి చిట్టి మీదికి ఉరికాడు.

పెట్టెనుంచి వాణ్ణి ఊడబెరికి, రేకుగోడకేసి కొట్టాడు. జుట్టు పట్టుకుని మళ్ళీ కొట్టాడు. చిట్టి వాడి ముంజేయి కొరికాడు. ఆ నొప్పికి టార్చి చెయ్యి చిట్టి మెడకు పోయింది. వేళ్ళు మెడలోని గొట్టానికి తగిలి, అది పక్కకు జరిగింది. చిట్టి మెడ దగ్గర ఈల వేసినట్టు సన్నటి చప్పుడు, ఆ వెంటనే నెత్తుటి బుడగ. వాడి కళ్ళు తేలిపోయాయి.

అక్క వేలు తీసేసింది.

ఎలా లేచిందో ఆమెకే తెలియదు. సుత్తి మాత్రం చేతిలో ఉంది. ఒంటిచేత్తోనే అడ్డంగా తిప్పి టార్చి మోకాలి మీద కొట్టింది. కాలు ఉండాల్సిన వైపు కాక వేరే వైపుకు మడత పడింది. వాడు నీళ్ళలో వెల్లకిలా పడ్డాడు. ఆమె వాడి గుండెల మీద కాలేసింది. విరిగిన వేళ్ళతో సహా రెండు చేతులూ పిడి మీద వేసి, సుత్తి తలపైకి ఎత్తింది. అంతకుముందు తిన్న దెబ్బలన్నీ, దాచుకున్న ఏడుపంతా ఆ ఎత్తిన సుత్తిలోకి ఎక్కాయి. వాడి నుదురు తప్ప ఆమెకు ఇంకేమీ కనిపించడం లేదు. చంపేస్తుంది. అందులో సందేహం లేదు.

వెనకాల చిట్టి గొట్టం సర్దుకున్నాడు. నెత్తురు దగ్గుతూ కంప్యూటరున్న బల్ల దాకా పాకి కీబోర్డు అందుకున్నాడు. పచ్చగీత ఎప్పుడు నిండిందో ఎవరూ చూడలేదు.

యార్డు లౌడ్‌స్పీకరు గరగరమంది.

"అక్కా, సుత్తి కింద పెట్టు."

చిట్టి గొంతు. లారీలను వెనక్కి రమ్మనే గొంతు. అదే మాట. ఖాళీ బస్సుల మీదా డ్రమ్ముల మీదా పడి, యార్డంతా మోగి తిరిగి వచ్చింది.

సుత్తి గాల్లోనే ఆగింది.  ఆమె మెల్లగా దించింది. సుత్తి నేలకు తగిలినప్పుడు వేళ్ళ నొప్పి అప్పుడే తెలిసినట్టు ముడుచుకుపోయింది.

"చిట్టీ" అంది, వెనక్కి తిరగకుండానే. "ఆ రోజు కూడా నాకు వినపడింది రా."

కీబోర్డు టకటకమంది. రేడియేటరులోంచి చివరి నీళ్ళు కారుతున్నాయి. పంపు గాలి పీలుస్తూ గురకపెడుతోంది.

"తెలుసక్కా" అంది లౌడ్‌స్పీకరు. "ముందు వాడి కాలు చూడు."

పెట్టె వేడెక్కి ఠప్పున ఆరిపోయింది. ఆరితే ఆరనీ. నేర్చుకున్న గొంతు లోపలే ఉంది.

అక్క సుత్తిని అవతలికి తన్ని, టార్చి పక్కన నీళ్ళలో కూర్చుంది. చిరిగిన చెవి నుంచి నెత్తురు వాడి చొక్కా మీద పడుతోంది. కాలు ఎక్కడ విరిగిందో చూద్దామని చెయ్యి చాపింది. వాడు మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆ వంకర చెయ్యే.

"కొట్టనురా" అంది. "తప్పైపోయింది."

వాడు చెయ్యి దించలేదు.